చచ్చిన ఈగ చుట్టూ తెల్లటి బూజు.. మనుషులకు అంటుతుందా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. ఊరి చివర కోళ్ల ఫారం ఉంది. వానలు పడ్డప్పటి నుంచి ఈగలు విపరీతం. మొన్న వంటింటి కిటికీ అద్దానికి ఒక ఈగ చచ్చి అతుక్కుని ఉంది, చుట్టూ పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. మా మూడేళ్ల పాప దాన్ని చేత్తో ముట్టుకుంది. తెల్లారి నుంచి పాపకు మోషన్స్. ఈగలను బతికుండగానే తినే కొత్త ఫంగస్ వచ్చిందని ఫోన్‌లో చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా ఆయనకు షుగర్, కాలికి పుండు ఉంది, దాని మీద కూడా ఈగలు వాలుతున్నాయి. ఇది మాకూ సోకుతుందా? బ్లాక్ ఫంగస్ లాంటిదేనా?
- ఒక సోదరి, హనుమకొండ జిల్లా

జవాబు: అమ్మా, ఈగను చంపిన ఆ బూజు మీ పాపకు గానీ, మీ ఆయనకు గానీ సోకదు. ఆ టెన్షన్ వదిలేయండి. పాప మోషన్స్, మీ ఆయన కాలి పుండు మాత్రం ఈ రోజు నుంచే పట్టించుకోవాల్సినవి.

మీరు చదివిన వార్త డెన్మార్క్‌ది అయి ఉంటుంది. కోపెన్‌హాగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో రెండు కొత్త ఫంగస్‌లను వర్ణించి, స్ట్రాంగ్‌వెల్సియా టిగ్రినే, స్ట్రాంగ్‌వెల్సియా అసెరోసా అని పేర్లు పెట్టారు. ఇవి సోకిన ఈగ పొట్టకు రంధ్రం పడుతుంది. ఆ రంధ్రంలోంచి బీజాలు బయటికి చిమ్ముతుంటే ఈగ మాత్రం ఇంకా ఎగురుతూనే ఉంటుంది. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ అవి పట్టేది సీనోసియా అనే వేరే జాతి ఈగలను, మన ఇళ్లలో తిరిగే ఈగను కాదు. అందులోనూ ఒక్కో ఫంగస్‌ది ఒక్కో రకం ఈగ. పక్క రకం ఈగకే అంటనిది మనిషికి ఎలా అంటుతుంది?

మీ కిటికీ మీద ఈగది వేరే కథ. మీరు చెప్పిన లక్షణాలు ఎంటమాఫ్తోరా మస్కే అనే పాత ఫంగస్‌కు సరిపోతున్నాయి. ఇది 1855 నుంచే శాస్త్రవేత్తలకు తెలుసు. దీని బీజం ఈగ ఒంటికి అంటుకుని, పైపొరను తొలుచుకుని లోపలికి పోతుంది. దాదాపు వారంలో ఈగ పని అయిపోతుంది. చివరి రోజు పొద్దుగూకే వేళ ఈగ ఎత్తుకు ఎక్కుతుంది, నోటి తొండం అక్కడే అతుక్కుపోతుంది, రెక్కలు పైకి లేస్తాయి, అలాగే చచ్చిపోతుంది. రాత్రికి ఉబ్బిన పొట్ట మడతల మధ్య తెల్లటి పట్టీలు తేలి, వాటి నుంచి బీజాలు చుట్టూ ఎగిరి పడతాయి. మీరు చూసిన పిండి అదే. చల్లదనం, తేమ ఉన్న రోజుల్లో ఇది ఎక్కువ.

ఈ ఫంగస్ బాగా పెరిగేది 20 డిగ్రీల దగ్గర. మన ఒంటి వేడి 37. ఆ వేడిలో ఇది పెరగలేదు. జబ్బుపడిన ఈగలు కూడా వేడి చోట్లు వెతుక్కుని కూర్చుంటాయని, అలా వేడి తగిలిన వాటిలో కొన్ని బతికి బయటపడతాయని ప్రయోగాల్లో తేలింది. నాకు చాలా ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇది.

పురుగులకు ఫంగస్ పట్టడం మన రైతులకు కొత్త కాదు. మిర్చి, పత్తి చేలలో చల్లే బవేరియా కూడా పురుగులను చంపే ఫంగసే. అది చల్లేటప్పుడు మాత్రం ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. కంట్లో పడితే వెంటనే నీళ్లతో కడగాలి. ఎర్రదనం తగ్గకపోతే మెడికల్ షాపులో ఏదో ఒక చుక్కల మందు కొనకుండా కంటి డాక్టరుకు చూపించాలి.

2021లో మనల్ని వణికించిన బ్లాక్ ఫంగస్ పూర్తిగా వేరు. అది ఈగల వల్ల రాదు. షుగర్ అదుపులో లేనివాళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకు దాని ప్రమాదం ఎక్కువ.

ఇక పాప సంగతి. మోషన్స్‌కు కారణం ఆ బూజు కాదు. తిరిగే ఈగల మీద అనుమానం పడాలి. పెంట మీద, మలం మీద వాలిన ఈగే వచ్చి అన్నం మీద వాలుతుంది. కాళ్లకు అంటిన క్రిములను అక్కడ వదులుతుంది, తినే ముందు దాని మీదే కక్కుతుంది కూడా. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపండి, మోషన్ అయిన ప్రతిసారీ అర గ్లాసు నుంచి గ్లాసు దాకా కొద్దికొద్దిగా తాగించండి. జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. ఓఆర్ఎస్, జింక్ రెండూ పీహెచ్‌సీలో ఇస్తారు. మోషన్స్ తగ్గాయని జింక్ మధ్యలో ఆపకండి. అన్నం మానిపించకండి. మోషన్స్ ఆపే మాత్రలు పిల్లలకు అసలు వేయకూడదు. మోషన్‌లో రక్తం కనిపించినా, కళ్లు లోపలికి పోయినా, ఒంటేలు తగ్గినా, మగతగా ఉన్నా, తాగింది తాగినట్టు కక్కుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ ఆయన పుండు. షుగర్ ఉన్నవాళ్లకు కాలి స్పర్శ తగ్గుతుంది, పుండు లోతైనా నొప్పి తెలియదు. తెరిచి ఉన్న పుండులో కొన్ని రకాల ఈగలు గుడ్లు పెడితే రోజు తిరిగేలోపే పురుగులు పడతాయి. అలాంటి కాళ్లు చూసినప్పుడల్లా, నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే బాగుండేదని బాధేస్తుంది. పుండును రోజూ సెలైన్‌తో గానీ, కాచి చల్లార్చిన నీళ్లతో గానీ కడిగి, శుభ్రమైన గాజుగుడ్డతో పూర్తిగా కప్పి కట్టు కట్టండి. వేళ్ల సందులు కూడా చూడండి. కిరోసిన్, పసుపు, ఆకు పసర్లు పోయొద్దు. పురుగులు కనిపిస్తే ఇంట్లో కెలకకండి. వాసన, నల్లదనం, వాపు, జ్వరం వీటిలో ఏది ఉన్నా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి గానీ, దగ్గర్లోని సర్జన్ దగ్గరికి గానీ అదే రోజు వెళ్లండి. ఇవేవీ లేకపోయినా ఈ వారంలోనే పుండు ఒకసారి చూపించండి, షుగర్ పరీక్ష, టీటీ ఇంజక్షన్ సంగతి అప్పుడే అడగండి.

ఈగల విషయానికి వస్తే, ఎండాకాలపు వేడికి ఈగ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం, పది రోజులు చాలు. అందుకే పెంటను వారానికి రెండుసార్లయినా ఎత్తి, దూరంగా కుప్ప పోసి, కవరుతో గాలి ఆడకుండా కప్పాలి. కోళ్ల ఫారం వాళ్లు షెడ్డులో ఎరువు తడవకుండా చూసుకుంటే సగం ఈగలు తగ్గుతాయి. వాళ్లు వినకపోతే ఊళ్లో నలుగురూ కలిసి పంచాయతీ కార్యదర్శికి రాసివ్వండి. కిటికీ మీద ఆ ఈగను తడి కాగితంతో తీసి పారేయండి, అద్దం సబ్బునీళ్లతో తుడవండి, చేతులు కడుక్కోండి. అంతకు మించి ఏ మందూ కొట్టక్కర్లేదు.