7,000 ఫీజు 10,000 ఎలా అవుతుందంటే

బ్రాడీపేట, గుంటూరు

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ప్రసూతి సెలవు అయ్యాక పిల్లాణ్ని ఉంచడానికని విజయవాడ పటమటలో చూసొచ్చిన డేకేర్‌లో నెలకు 7,000 అన్నారనీ, అది విని మీ అత్తగారు "ఉన్న జీతం దీనికీ పెట్రోలుకే పోతే ఇక ఉద్యోగం దేనికమ్మా" అన్నారనీ రాశావు. ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం నేను మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నా. రిటైరయ్యాక మా వీధి చివరి బేబీ కేర్ సెంటర్‌కి లెక్కలు రాసిపెట్టాను కదా, ఫీజు కట్టేవాళ్ల బాధా తెలుసు, తీసుకునేవాళ్ల బాధా తెలుసు.

ఆ 7,000 ఏ గంట నుంచి ఏ గంట దాకా అని అడిగావా? సాయంత్రం ఆరింటి దాకా అన్నారనుకో. మంగళగిరిలో నీ ఆఫీసు వదిలేదే ఆరింటికి. కృష్ణ మీది వారధి దాటి, బెంజి సర్కిల్ దాటి పటమట చేరేసరికి ఎంత లేదన్నా ఆరూ నలభై. ఆ నలభై నిమిషాలకు ఎంత తీసుకుంటారో ఫీజు కార్డు మీద ఉండదు, అడిగితేనే చెబుతారు. అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది. ఫీజు వర్తించని గంటలు, ఫీజు వర్తించని రోజులు, వాటిని రాసుకో ముందు.

నీ అంకెలతోనే లెక్క వేసి చూపిస్తాను. ఏడాదికి ఫీజు 84,000. అడ్మిషన్ 6,000 అన్నావు, మొత్తం 90,000. ఆలస్యమైన రోజుకు 100 చొప్పున నెలకు పది రోజులు వేసుకో, ఏడాదికి 12,000. ఎండాకాలం ఏసీకని మూడు నెలలు 500 ఎక్కువ అన్నారుగా, అది 1,500. ఇక జ్వరాలు. డేకేర్‌లో వేసిన మొదటి ఏడాది పిల్లలకు జలుబులూ దగ్గులూ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటూనే ఉంటాయి. ఒళ్లు వెచ్చగా ఉంటే లోపలికి రానివ్వరు, ఆ రోజు ఫీజు తగ్గించనూ తగ్గించరు. నీ సెలవులన్నీ ప్రసవానికి ముందే అయిపోయాయి కాబట్టి నెలకు ఒక్కరోజు జీతం కోత పడుతుందనుకో. నీ నెల జీతం 40,000కి రోజుకు 1,333, ఏడాదికి దాదాపు 16,000. అన్నీ కూడితే 1,19,500. పన్నెండుతో భాగించు, నెలకు 10,000కి కాస్త తక్కువ. డైపర్లూ పాలడబ్బా ఇందులో కలపకు. అవి ఇంట్లో ఉన్నా కొనాల్సినవే. చాలామంది వాటిని కూడా డేకేర్ ఖాతాలో వేసి కొండంత చేసి భయపడతారు.

అయితే ఈ 10,000 నీ జీతంలోంచి తీసేసి మిగిలింది ఎంతో చూడటం నాకు నచ్చదు. పిల్లాడు ఇద్దరికీ పిల్లాడే. ఇద్దరి జీతాలూ కలిపిన దాంట్లోంచి తియ్యి, అప్పుడు ఎంత భారమో తెలుస్తుంది. పైగా ఉద్యోగం మానేస్తే పోయేది ఆ నెల జీతం ఒక్కటే కాదు. వచ్చే ఏడాదికి నీకు ఆ కంపెనీలో అయిదేళ్లు నిండుతాయి. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఒకేసారి ఇచ్చే డబ్బు. ఏడాదికి పదిహేను రోజుల బేసిక్, నెలకు 26 రోజుల లెక్కన. నీ బేసిక్ 20,000 కాబట్టి 57,000 పైచిలుకు. ఇప్పుడు తీసుకున్న ప్రసూతి సెలవు కూడా ఆ అయిదేళ్లలో కలుస్తుంది, సర్వీసు తెగినట్టు కాదు. పీఎఫ్‌లో కంపెనీ వేసే వాటా సంగతి సరే, పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఈ మాటలు మీ అత్తగారికి వాదనలా చెప్పకు. కాగితం మీద అంకెలు వేసి పక్కన పెట్టు, ఆవిడే చూస్తారు. ఆవిడ లెక్కల్లో తక్కువ మనిషేం కాదు.

ఆఫీసులో హెచ్ఆర్‌ని ఒకసారి కదిపావా? 2017లో ప్రసూతి చట్టం సవరించినప్పుడు సెలవు 26 వారాలు చేశారని అందరికీ తెలుసు. యాభై మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే సదుపాయం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా అందులోనే పెట్టారు. ఇది మాత్రం ఎవరూ అడగరు. మీ ఆఫీసులో గది లేకపోతే బయట సెంటరుతో ఒప్పందం ఉందా, ఫీజులో ఏమన్నా భరిస్తారా అని మెయిల్ రాయి. నోటితో అడిగితే నవ్వి ఊరుకుంటారు. పని స్వభావాన్ని బట్టి, సెలవు అయ్యాక కొన్నాళ్లు ఇంటినుంచి పని చేయడానికి కూడా ఆ సవరణలో వీలు పెట్టారు, ఇద్దరూ ఒప్పుకుంటే.

ఇంటి దగ్గరా, ఆఫీసు దగ్గరా అన్నావు. నా ఓటు పటమటకే. మంగళగిరి అయితే నువ్వు మధ్యాహ్నం పాలిచ్చి రావచ్చు, నిజమే. కానీ ఆర్నెల్ల పిల్లాణ్ని మే నెల ఎండలో, శ్రావణ మాసం వానలో రోజుకు రెండుసార్లు వారధి దాటించాలి. పటమటలో ఉంటే ఆటోనగర్ నుంచి అల్లుడు చిటికెలో రాగలడు. కాబట్టి డేకేర్ ఫారంలో మొదటి ఫోన్ నంబరు అతనిది వెయ్యి, నీది రెండోది. అమ్మ నంబరు మొదట ఉంటే తుమ్ము వచ్చినా నీకే చేస్తారు, వారధికి అవతల నుంచి నువ్వేం చేస్తావు?

అజిత్‌సింగ్ నగర్ వైపు 4,000కే చూస్తారని ఎవరో చెప్పారన్నావు. అంత తక్కువకు ఎలా చూస్తారో లెక్క వేద్దాం. పన్నెండు మంది పిల్లలుంటే వచ్చేది 48,000. అందులో 15,000 అద్దె పోతే మిగిలింది 33,000. కరెంటు, గ్యాసు, పాలు, శుభ్రం చేసే సరుకులు, ఇద్దరు ఆయాల జీతాలు, నడిపే ఆవిడకు ఏదో కొంత. ఎటు చూసినా రెండో ఆయా దగ్గరే కోత పడుతుంది. ఒక్క ఆయా పన్నెండు మందిని ఎలా చూస్తుంది? టీవీ పెట్టి చూస్తుంది. నేను లెక్కలు రాసిన చోట ఫీజు పెంచమని నేనే గోల పెట్టేదాన్ని, ఆయాలు నెలకొకరు మారిపోతున్నారని. అందుకే ఎక్కడికి వెళ్లినా ఆయా ఎన్నాళ్ల నుంచి ఉందో అడుగు. బొమ్మలు వేసిన గోడలు చూసి మురిసిపోకు. చెప్పకుండా మధ్యాహ్నం నాలుగింటికి వెళ్లు. పిల్లలు నిద్ర లేచి, పాలు తాగి, బట్టలు మార్చుకునే వేళ అది, దాచడానికి వీలుండదు. ఇన్వర్టర్ ఉందో లేదో చూడు, మే నెలలో కరెంటు పోతే విజయవాడలో పెద్దవాళ్లమే కూర్చోలేం.

ఇంకొకటి అడుగు. దారి మూసుకుపోతే పిల్లల దగ్గర ఎవరుంటారు? 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు ఆదివారం కాబట్టి పిల్లలు ఇళ్లలో ఉన్నారు. అదే పనిరోజయితే? ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పినావిడ నాకు నచ్చుతుంది.

ఆయాను ఇంట్లోనే పెట్టుకుంటే ఎలా ఉంటుందంటావా, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటేనే. లేకపోతే వద్దు. ఆమె రాని రోజు నీ ఆఫీసూ ఉండదు, సంక్రాంతికి, దసరాకి పైన ఇచ్చేది వేరే.

మీ అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉంటానన్నారు కదా, మంచి మాట. కానీ దాన్ని పైసా ఖర్చు లేనిదిగా రాసుకోకు. అక్కడ మావగారు ఒక్కరే వండుకుంటారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు, పాకే పిల్లాడి వెనక రోజంతా పరిగెత్తడం ఆవిడ వల్ల కాదు. రోజూ కాపలాకు పిలవకుండా, డేకేర్ తీసుకోని రోజులకు పిలవండి. జ్వరం వచ్చిన వారం, దసరా సెలవులు, నీకు ఆడిట్ ఉన్న వారం. రానూపోనూ ఖర్చులూ, ఆవిడ మందులూ మీరే చూసుకోండి, అడిగించుకోకుండా. అప్పుడా జీతం కోత 16,000 చాలావరకు మిగులుతుంది, ఆవిడకూ గౌరవం.

అంగన్‌వాడీలో పేరు మాత్రం తప్పకుండా రాయించు. ఉద్యోగస్తుల గంటలకు సరిపోదు కాబట్టి డేకేర్‌కి బదులు కాదు. అయినా ఆరు నెలలు నిండితే పిల్లలకు తినిపించే బాలామృతం పొడి ఇస్తారు, బరువు తూచి రాస్తారు, టీకాలు గుర్తు చేస్తారు, అన్నీ ఉచితం. కొన్ని అంగన్‌వాడీలను కేంద్రం వాళ్ల పాల్నా పథకం కింద క్రెష్‌లుగా కూడా నడుపుతున్నారు, మీ దగ్గర ఉందేమో టీచరమ్మను అడుగు. పన్ను మినహాయింపు గురించి ఆశ పెట్టుకోకు. ప్లే స్కూల్ ట్యూషన్ ఫీజు పాత పన్ను పద్ధతిలో చూపుకోవచ్చు గానీ, కొత్త పద్ధతిలో నీ జీతానికి పన్నే లేదు.

నువ్వు మళ్లీ ఆఫీసులో చేరేది వచ్చే నెల 1న అయితే, పిల్లాణ్ని రెండు వారాల ముందే వెయ్యి. మొదట గంట, తర్వాత పూట, ఆ తర్వాత రోజంతా. ఆ సగం నెల ఫీజు దండగ అనుకోకు. ఆ రోజుల్లో నువ్వు ఇంట్లోనే ఉంటావు కాబట్టి ఏడిస్తే వెంటనే వెళ్లొచ్చు. ఆ మొదటి వారం నేనూ వస్తాను, గుంటూరు నుంచి ఎంతసేపని.

పైన చెప్పిన లెక్క మీ డేకేర్ రేట్లతో మళ్లీ వేసి వాట్సాప్‌లో ఫోటో పెట్టు. అల్లుడి చేతిరాతలో ఉండాలి, నీ చేతిరాతలో అయితే నేను చూడను.

పెద్దమ్మ