మూడు నెలల ఉచిత శిక్షణకు పంపాలా? చేరేముందు అడగాల్సినవి, చేరాక చూసుకోవాల్సినవి

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లెటూరు. పత్తి వ్యవసాయం. మా అబ్బాయి బీకాం పాసై రెండేళ్లయింది. ఇంట్లోనే ఉండి గ్రూప్-4కు చదువుతున్నాడు. నా భార్య మహిళా సంఘంలో సభ్యురాలు. మొన్న మహిళా సంఘాల పని చూసే ఐకేపీ వాళ్లు వచ్చి నిరుద్యోగ యువతకు 3 నెలల ఉచిత శిక్షణ ఉందని, హాస్టల్లో ఉండాలని, హాజరు తప్పనిసరి అని, పూర్తి చేసినవాళ్లకే ఉద్యోగం చూపిస్తామని చెప్పి పేరు రాసుకున్నారు. కోర్సు రిటైల్ సేల్స్ అట. ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మన్నారు. శిక్షణకు పోకపోతే ఎంప్లాయ్‌మెంట్ కార్డు రద్దవుతుందని ఊళ్లో కొందరంటున్నారు. వాడికేమో మొబైల్ రిపేరు షాపు పెట్టుకోవాలని ఉంది. పంపాలా, వద్దా?

జవాబు: పంపండి. అయితే రిటైల్ సేల్స్‌కు పేరు ఖాయం చేసేముందు కోర్సు మార్చుకునే వీలుందేమో అడగండి. బీకాం చదివిన పిల్లవాడికి అంతకంటే పనికొచ్చే కోర్సు ఇదే పథకంలో దొరుకుతుంది.

ముందు కార్డు సంగతి. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ రిజిస్ట్రేషన్‌కూ ఈ శిక్షణకూ సంబంధం లేదు. శిక్షణకు పోలేదని కార్డు రద్దు కాదు. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించకపోతే మాత్రం సీనియారిటీ పోతుంది, ఆ తేదీ ఒకసారి చూసుకోండి. పేరు రాసుకున్నంత మాత్రాన పోయి తీరాలన్న నిర్బంధమూ లేదు. బ్యాచ్‌లో చేరాక హాజరు మాత్రం నిజంగానే తప్పనిసరి.

మీరు చెప్పిన వివరాలను బట్టి ఇది దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అయ్యుండాలి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2014లో మొదలుపెట్టిన ఈ పథకాన్ని మన తెలంగాణలో ఈజీఎంఎం (గ్రామీణ యువతకు శిక్షణ, ఉద్యోగాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) నడిపిస్తోంది. గ్రామీణ పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లు అర్హులు. మహిళలకు, దివ్యాంగులకు 45 ఏళ్ల దాకా అవకాశం ఉంది. రేషన్ కార్డు గానీ, ఇంట్లో సంఘం సభ్యత్వం గానీ, ఉపాధి హామీలో అంతకుముందు ఏడాది కనీసం 15 రోజుల పని గానీ ఉంటే చాలు. మీ ఇంటికి అర్హత ఉన్నట్టే. శిక్షణ, భోజనం, వసతి, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఉచితం. ఎవరైనా రిజిస్ట్రేషన్ అనో, డిపాజిట్ అనో పైసలు అడిగితే ఇవ్వకండి. నేరుగా మండల సమాఖ్య (మండలంలోని మహిళా సంఘాలన్నీ కలిసినది) ఆఫీసుకు పోయి అక్కడి అధికారి ఏపీఎంకు చెప్పండి.

ఇక కోర్సు. 3 నెలల కోర్సంటే కనీసం 576 గంటలు. రోజుకు 8 గంటల లెక్కన 72 పని దినాలు, అంటే వారానికి ఆరు రోజుల చొప్పున 12 వారాలు. ఇందులో 160 గంటలు మాట్లాడే ఇంగ్లిష్, కంప్యూటర్, నలుగురితో మెలిగే పద్ధతులకు పోతాయి. అసలు పని నేర్చుకోవడానికి మిగిలేది 52 రోజులే. ఇంత తక్కువ సమయంలో కొత్త పని మొదటినుంచీ నేర్చుకోవడం కంటే, చదివిన చదువుకు పదును పెట్టుకోవడం లాభం. అందుకే ట్యాలీతో (కంప్యూటర్‌లో వ్యాపార లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) అకౌంట్స్ అసిస్టెంట్ కోర్సు ఏ సెంటర్‌లో నడుస్తోందో అడగండి. మీ జిల్లాలో లేకపోతే పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థలోనూ విచారించండి. అక్కడ హాస్టల్ వసతితో ఉచిత కోర్సులు నడుస్తాయి. కొత్త బ్యాచ్‌కు ముందు పేపర్లలో ప్రకటన ఇస్తారు.

ట్యాలీ వచ్చు అని చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. యజమాని చూసేది వేరు. కొనుగోలు, అమ్మకం వోచర్లు తప్పు లేకుండా కొట్టగలడా, బ్యాంకు స్టేట్‌మెంటుతో ఖాతా సరిపోల్చగలడా, నెలనెలా 11వ తేదీలోగా జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్‌టీ రిటర్ను), 20వ తేదీలోగా 3బీ (నెల మొత్తం పన్ను లెక్క రిటర్ను) వేయడానికి వివరాలు సిద్ధం చేయగలడా అనే చూస్తాడు. ఇవి వచ్చినవాడికి కల్వకుర్తిలోని జిన్నింగు మిల్లులో, బాదేపల్లి మార్కెట్ కమీషన్ దుకాణంలో, మహబూబ్‌నగర్‌లోని ఆడిటర్ ఆఫీసులో కూడా పని అడిగే దారి ఉంటుంది. రిటైల్ సేల్స్ చేసినవాడు ఎక్కువగా హైదరాబాద్ మాల్‌లో రోజంతా నిలబడి చేసే కొలువుకే పోవాలి. ఆ పని చిన్నదని అనడం లేదు. ఇంటర్‌తో ఆపేసిన పిల్లలకు అది మంచి మొదటి మెట్టే. మీ అబ్బాయి మూడేళ్ల డిగ్రీ మాత్రం అక్కడ అక్కరకు రాదు.

చేరేముందు ఒకరోజు తీసి సెంటర్‌కు మీరూ బాబూ కలిసి వెళ్లండి. గోడ మీద ఫొటోలు కాకుండా ల్యాబ్ చూడండి. ఎన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయి, ఒక్కో దాని దగ్గర ఎంతమంది కూర్చుంటున్నారు అన్నది ముఖ్యం. వంటగది, నీళ్లు, బాత్రూములు చూడండి. మొదటి పది రోజుల్లో పిల్లలు పారిపోయి వచ్చేది చాలావరకు వీటి దగ్గరే. తర్వాత కిందటి బ్యాచ్‌లో ఉద్యోగంలో చేరినవాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి. మేనేజర్ చెప్పిన జీతానికీ, వాళ్లకు నెలాఖరున చేతికొస్తున్న దానికీ తేడా ఎంతో వాళ్లనే అడగండి. శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలని, వాళ్లు మూడు నెలలు నిలబడాలని సెంటర్‌కు నిబంధన ఉంది. వాళ్లకొచ్చే నిధులు దాంతోనే ముడిపడి ఉంటాయి. అందుకే కొన్నిచోట్ల ఏదో ఒక ఉద్యోగంలో త్వరగా ఎక్కించేయాలని చూస్తారు. ఏయే కంపెనీలకు పంపుతున్నారు, ఏ ఊళ్లో అన్నది చేరకముందే అడిగితే ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించడానికే తీసుకెళ్లండి. సరిచూసుకుని, జిరాక్సులు ఉంచుకుని, అదేరోజు తిరిగి ఇచ్చేయాలి. బ్యాచ్ అయ్యేదాకా మా దగ్గరే ఉంటాయంటే ఒప్పుకోకండి. నడుమ ఏ నోటిఫికేషన్ వచ్చినా, వేరే ఉద్యోగానికి వెరిఫికేషన్ పడినా చేతిలో మెమోలు లేకపోతే అవకాశం పోతుంది.

మన దగ్గర ఎక్కువమందికి దెబ్బ కొట్టేది ఆధార్. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంతో ఉంటుంది. పుట్టిన తేదీ ఒక దాంట్లో ఒకటి, ఇంకో దాంట్లో ఇంకొకటి. శిక్షణలో వేలిముద్ర హాజరు, తర్వాత పీఎఫ్ ఖాతా, అన్నీ ఆధార్ మీదే నడుస్తాయి. తేడా ఉంటే హాజరు పడదు, తర్వాత పీఎఫ్ పైసలు బయటికి రావు. టెన్త్ మెమో ఆధారంగా ఆధార్‌ను ఇప్పుడే సరిచేయించండి. బ్యాచ్ మొదలయ్యాక ఈ పనికి రెండు మూడు రోజులు సెలవు పెట్టాల్సి వస్తుంది. బ్యాంకు ఖాతా కూడా చూడండి. పూర్తి పత్రాలు ఇవ్వకుండా తెరిచిన స్మాల్ అకౌంట్ అయితే ఏడాదికి మొత్తం లక్ష రూపాయలకు మించి జమ కాదు. ఉద్యోగం దొరికిన కొన్ని నెలలకే జీతం ఆగిపోతుంది. బ్యాంకుకు పోయి కేవైసీ పూర్తి చేయించి మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్పించండి.

చేరాక హాజరు గురించి మీకే ఒక మాట చెప్పాలి. బ్యాచ్ అక్టోబరు, నవంబరులో పడితే అది పత్తి ఏరే కాలం. కూలీలు దొరకడం లేదని రెండు రోజులకని పిలిపిస్తే ఆ రెండు రోజులు వారమవుతాయి. దసరాకో, కురుమూర్తి జాతరకో వచ్చినవాళ్లు తిరిగి పోకుండా ఉండిపోవడం కూడా మామూలే. ఒక్కో రోజు పోతే 8 గంటలు పోయినట్టు. హాజరు బాగా తగ్గితే చివరి అసెస్‌మెంట్‌కు కూర్చోనివ్వరు. అసెస్‌మెంట్ పాస్ కాకపోతే సర్టిఫికెట్ రాదు. పరీక్ష పెట్టేది సెంటర్ వాళ్లు కాదు, బయటి సంస్థ. థియరీ, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. చేతిపని వచ్చి కూడా ప్రశ్నలోని ఇంగ్లిష్ మాట అర్థంకాక మార్కులు పోగొట్టుకునేవాళ్లున్నారు. రోజూ క్లాసులో విన్న పదాలు నోటుబుక్కులో రాసుకుని తెలుగులో అర్థం రాసుకోమనండి. ఇంటి పనికి పిలవాలనుకుంటే బ్యాచ్ మొదలయ్యే తేదీని బట్టి ముందే కూలీల ఏర్పాటు చూసుకోండి. చేను పని అసలు ఆగదనుకుంటే తర్వాతి బ్యాచ్‌లో చేర్చండి. మధ్యలో మానేస్తే మళ్లీ అదే పథకంలో సీటు అడగడం కష్టమవుతుంది.

జీతం లెక్క జాగ్రత్తగా చూడండి. మేనేజర్ 15 వేలంటాడు. అది సీటీసీ, అంటే కంపెనీ మీ అబ్బాయి మీద పెట్టే మొత్తం ఖర్చు. ఒక లెక్క వేసి చూద్దాం. అసలు జీతం 13,000, అంతా బేసిక్ అనుకోండి. కంపెనీ తన వాటాగా పీఎఫ్, దాని చార్జీలు కలిపి 13 శాతం చొప్పున 1,690, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 3.25 శాతం చొప్పున 423 కడుతుంది. మొత్తం 15,113. సీటీసీ 15 వేలు దాటిందా! మీ అబ్బాయి వాటా పీఎఫ్ 12 శాతం అంటే 1,560, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 98 కోత పోతే చేతికొచ్చేది 11,342. హైదరాబాద్‌లో హాస్టల్‌కు, భోజనానికి 6,000, బస్సుకూ ఫోనుకూ 1,500 అనుకుంటే మిగిలేది 3,800 చిల్లర. ఇది ముందే తెలిసినవాడు నిలబడతాడు. 15 వేలు చేతికొస్తాయనుకుని పోయినవాడు రెండో నెలలో సంచి సర్దుకుని వస్తాడు. పీఎఫ్ కోతను మాత్రం నష్టంగా చూడకండి. అది అతని పేరు మీదే జమవుతుంది. ఈఎస్ఐ కార్డుతో మీరిద్దరూ అతని మీద ఆధారపడ్డవాళ్లయితే మీకూ దవాఖాన ఖర్చు తప్పుతుంది.

ఉద్యోగం వచ్చిన మొదటి నెలల కిరాయి భారానికి ఈ పథకంలోనే నెలకు 1,000 రూపాయల సాయం ఉంది. సొంత జిల్లాలో చేరితే 2 నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లా అయితే 3 నెలలు, వేరే రాష్ట్రమైతే 6 నెలలు ఇవ్వాలి. అడిగినవాళ్లకే తొందరగా అందుతుంది కాబట్టి చేరిన వారంలోనే సెంటర్‌కు అపాయింట్‌మెంట్ లెటర్ జిరాక్సు పంపించాలి. ఆ లెటర్‌లో జీతం ఇచ్చేది కంపెనీయా, మధ్యలో ఉన్న ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీయా చూడండి. ఏజెన్సీ అయితే జీతం ఆలస్యమైనప్పుడు అడగాల్సింది వాళ్లనే.

గ్రూప్-4 మానేయమని చెప్పడం లేదు. కిందటి గ్రూప్-4 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, పరీక్ష 2023 జులై 1న జరిగింది, తుది ఫలితాలు 2024 నవంబరులో వచ్చాయి. నోటిఫికేషన్ నుంచి ఫలితం దాకా దాదాపు రెండేళ్లు. ఇంత కాలం ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం కంటే, 3 నెలలు శిక్షణ తీసుకుని, పని చేస్తూ రాత్రి రెండు గంటలు చదువుకోవచ్చు. జనరల్ స్టడీస్‌కు ఆ రెండు గంటలు క్రమం తప్పకుంటే చాలా నడుస్తుంది. నోటిఫికేషన్ పడ్డాక సెలవు పెట్టి గట్టిగా చదవచ్చు.

షాపు సంగతి వేరే దారి. నిజంగా మనసు అందులోనే ఉంటే ఈ 3 నెలల కోర్సు వద్దు. మహబూబ్‌నగర్‌లోని ఎస్‌బీఐ ఆర్‌సెటీలో (బ్యాంకు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) సెల్‌ఫోన్ రిపేరు 30 రోజుల ఉచిత కోర్సు, భోజనం, వసతితో సహా ఇస్తారు. శిక్షణ తర్వాత రెండేళ్ల దాకా వాళ్లే వెంట ఉండి సలహా ఇవ్వాలి. లోనుకు పీఎంఈజీపీ (సొంత వ్యాపారానికి సబ్సిడీతో బ్యాంకు లోను ఇప్పించే కేంద్ర పథకం) చూడండి. ఇక్కడ శిక్షణ నిజంగానే తప్పనిసరి. 2022 మార్గదర్శకాల ప్రకారం 2 లక్షల పైన 5 లక్షల దాకా ప్రాజెక్టుకు 5 రోజుల, అంతకు మించితే 10 రోజుల ఈడీపీ (వ్యాపారం నడిపే పద్ధతులు నేర్పే) శిక్షణ పూర్తి చేయాలి. లేదంటే సబ్సిడీ విడుదల కాదు.

4 లక్షల షాపు అనుకుందాం. మీరు బీసీ, ఎస్సీ, ఎస్టీ అయితే సొంత వాటా 5 శాతం అంటే 20,000. గ్రామంలో పెడితే సబ్సిడీ 35 శాతం అంటే 1,40,000. ఓసీ అయితే సొంత వాటా 10 శాతం, సబ్సిడీ 25 శాతం. ఆ సబ్సిడీ చేతికి ఇవ్వరు. మీ లోను ఖాతా ఉన్న బ్యాంకులోనే 3 ఏళ్లు డిపాజిట్‌గా ఉంచి, షాపు నడుస్తోందని తనిఖీలో తేలాక లోనులో సర్దుతారు. ఈ మూడేళ్లలో షాపు మూసేస్తే సబ్సిడీ వెనక్కి పోతుంది. కాబట్టి దరఖాస్తు పెట్టకముందే మీ ఊరు ఏ బ్రాంచి పరిధిలోకి వస్తుందో కనుక్కుని ఆ మేనేజర్‌తో మాట్లాడండి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, జిల్లా పరిశ్రమల కేంద్రం పరిశీలించి పంపాక కూడా బ్యాంకు దగ్గర ఆగిపోయేవి చాలా ఉంటాయి. పాత పంట రుణం బకాయి ఉంటే ముందు అది తేల్చుకోండి.