గిజిగాడు ఆలస్యం చేస్తే...

ప్రశ్న: మా బావి పక్క తాటిచెట్టుకు ఏటా గిజిగాళ్ళు గూళ్ళు కడతాయి. ఈసారి వానలు వెనకబడ్డాయి, అవీ బాగా ఆలస్యంగా మొదలుపెట్టాయి. ఇది వాతావరణ మార్పేనా సార్? – ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ఒక్క ఏడాది చూసి అలా అనలేమండీ. గిజిగాడు క్యాలెండర్ చూడదు, గడ్డిని చూస్తుంది. మగపిట్ట పచ్చి ఆకు అంచును ముక్కుతో కొరికి, అది పట్టుకునే ఎగిరి, సన్నటి పీచుగా చీల్చుకొస్తుంది. పచ్చిది కాబట్టే ముడి పడుతుంది, ఎండుగడ్డయితే విరిగిపోతుంది. పైగా పిల్లలకు పురుగులు కావాలి, అవీ వానతోనే వస్తాయి. మీ పిట్టలు ఆగడం తెలివైన పనే!

మార్పు అని తేల్చాలంటే దశాబ్దాల లెక్క ఉండాలి. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో 1947 నుంచి గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల గూళ్ళను ఏటా నమోదు చేస్తున్నారు. 1960లతో పోలిస్తే అవి సుమారు రెండు వారాలు ముందే గుడ్లు పెడుతున్నాయి. వసంతం త్వరగా వెచ్చబడి, ఓక్ చెట్ల మీద గొంగళిపురుగులు ముందే వస్తున్నాయి మరి. ఈ పిట్ట ఏడాదంతా అక్కడే ఉంటుంది కాబట్టి సర్దుకుంది.

అసలు టెన్షన్ వలస పిట్టలకు. పశ్చిమ ఆఫ్రికాలో ఉన్న పైడ్ ఫ్లైక్యాచర్‌కు నెదర్లాండ్స్‌లో వసంతం ముందే వచ్చిందని ఎలా తెలుస్తుంది? అది వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసేసరికి పురుగుల పంక్తి లేచిపోతుంది. పురుగులు మరీ ముందే వచ్చే అడవుల్లో రెండు దశాబ్దాల్లో వీటి సంఖ్య సుమారు 90 శాతం పడిపోయిందని 2006లో డచ్ శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మీరు ఏటా మొదటి మంచి వాన తేదీ, మొదటి గూడు తేదీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. తర్వాత ఆ పుస్తకం పిల్లలకు అప్పజెప్పండి.