స్కాన్‌లో వెలిగిన చోటికే మందు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 72 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకింది. హార్మోన్ ఇంజెక్షన్లు, కీమో అయ్యాయి, అయినా పీఎస్‌ఏ (ప్రోస్టేట్ జబ్బు కోసం చూసే రక్త పరీక్ష) మళ్లీ పెరుగుతోంది. ఇప్పుడు పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ తీసి ఆ తర్వాత లుటీషియం ఇస్తామంటున్నారు. మొన్నేగా బోన్ స్కాన్ తీశారు, మళ్లీ ఇంకోటి ఎందుకండీ? పైగా రేడియోయాక్టివ్ మందంట, ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, తాతని ఒక్క నిమిషం వదలదు. చాలా భయంగా ఉంది.

జవాబు: ఈ స్కాన్ మాత్రం మానకండమ్మా. బోన్ స్కాన్‌లో ఎముక ఎక్కడ దెబ్బతిని మళ్లీ కట్టుకుంటోందో తెలుస్తుంది అంతే, క్యాన్సర్ కణం మీద పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్ ఉందో లేదో దానికి తెలీదు. ఈ పెట్ స్కాన్ చూసేది సరిగ్గా అదే. ఆ ప్రోటీన్‌కి అతుక్కునే చిన్న అణువుకి గాలియం-68 అనే రేడియోయాక్టివ్ పదార్థం తగిలించి ఎక్కిస్తారు, దాని రేడియేషన్ 68 నిమిషాలకే సగమైపోతుంది, ఫొటోకి ఆ టైమ్ చాలు. ట్రీట్‌మెంట్‌లో అలాంటి అణువుకే లుటీషియం-177 తగిలిస్తారు, అది సగం అవ్వడానికి ఆరున్నర రోజులు పైనే పడుతుంది, దాన్నుంచి వచ్చే బీటా కిరణాలు ఒంట్లో మహా అయితే 2 మిల్లీమీటర్లు వెళ్తాయి, అందుకే అతుక్కున్న చోటే ఎక్కువగా కాలుస్తాయి. స్కాన్‌లో వెలగని గడ్డ ఉందంటే మందు దానికి అందదు, కాబట్టి రిపోర్ట్ రాగానే "అన్ని గడ్డలూ వెలిగాయా" అని అడగండి, నా దృష్టిలో మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

మామూలుగా ఆరు వారాలకోసారి, ఎక్కువలో ఎక్కువ 6 డోసులు. ప్రతిసారీ ముందు రక్తం, కిడ్నీ టెస్టులు చూస్తారు. లాలాజల గ్రంథులు కూడా ఈ మందుని లాక్కుంటాయి కాబట్టి నోరు ఎండిపోతుంది, నీరసం ఉంటుంది. ఇంకోటి, దాచకుండా చెప్తున్నా, ఇది జబ్బుని పూర్తిగా తీసేసే మందు కాదు. విజన్ అనే పెద్ద ట్రయల్‌లో 831 మంది ఉన్నారు, మామూలు వైద్యంతో పాటు ఇది కూడా తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు (అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం బతికారు) 15.3 నెలలు, తీసుకోనివాళ్లది 11.3. ఆ నాలుగు నెలలు నాకు చిన్నవిగా అనిపించవు, కానీ నాన్నగారికి కూడా ఈ లెక్క తెలిసి ఆయనే నిర్ణయం తీసుకోవాలి.

పాప సంగతి. మందులో చాలా భాగం మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. నీళ్లు బాగా తాగాలి, కూర్చునే మూత్రం పోయాలి, ఫ్లష్ రెండుసార్లు కొట్టాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాపని ఓ వారం ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు, పక్కన పడుకోబెట్టుకోకూడదు. అదే గదిలో దూరంగా కూర్చుని కాసేపు కబుర్లు చెప్పుకోవచ్చు, ఆయన్ని అంటరానివాడిలా ఓ మూల పడేయకండి దయచేసి. ఇంట్లో గర్భిణి ఉంటే పడక ఇంకా ఎక్కువ రోజులు వేరుగా ఉండాలి, హాస్పిటల్ వాళ్లు రాసిచ్చిన రోజులే మీకు లెక్క. నాన్నగారికి మూత్రం ఆగకుండా పడిపోయే ఇబ్బంది ఉంటే మాత్రం ఇంజెక్షన్ రోజు దాకా ఆగొద్దు, ముందే చెప్పండి, బట్టలు, డైపర్ల సంగతి వాళ్లు ముందుగా ప్లాన్ చేసుకోవాలి.