పైన పోర్షన్లు వేస్తే ఈఎంఐ బరువు తగ్గుతుందా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది హైదరాబాద్ రామంతాపూర్, 150 గజాల్లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, మూడు బెడ్‌రూములు. హోమ్ లోన్ ఇంకా 32 లక్షలుంది, 15 ఏళ్లు కట్టాలి, ఈఎంఐ 31,500. మావారి జీతంలో సగం దానికే పోతోంది. పైన రెండు సింగిల్ బెడ్‌రూం పోర్షన్లు వేసి అద్దెకిద్దాం అంటున్నారు. మేస్త్రి 18 లక్షలన్నాడు, బ్యాంకువాళ్లు ఉన్న లోన్ మీదే అదనంగా టాపప్ లోన్ ఇస్తామన్నారు, ఒక్కో పోర్షన్‌కి 9 వేలు వస్తుందట. పెద్దబాబు బెంగళూరులో ఉద్యోగం, వెనకవైపు వాడి రూమ్ ఖాళీగానే ఉంది. ఎఫ్‌డీ 4 లక్షలుంది. వేయమంటారా?
– ఓ పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మీరు రాసిన లెక్కే చూడండి, 18 లక్షల టాపప్ 9 శాతం వడ్డీకి 15 ఏళ్లకి తీసుకుంటే దాని ఈఎంఐ 18,250 దాకా వస్తుంది, రెండు పోర్షన్లకీ కలిపి వచ్చే అద్దె 18 వేలు, అంటే వచ్చిందంతా కొత్త లోన్‌కే పోయి పాత 31,500 అలాగే మీ నెత్తిన ఉంటుంది. పైగా కట్టడానికి ఆరేడు నెలలు పడుతుంది, ఆ టైంలో అద్దె రాదు గానీ బ్యాంకు వడ్డీ ఆగదు. ఒకళ్లు ఖాళీ చేశాక ఇంకొకళ్లు దొరికేదాకా నెలో రెండు నెలలో టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది, ఆ అద్దె కూడా పోయినట్టే.

ఇంకోటి, మీ ఇంటి పునాది పై అంతస్తుని మోస్తుందా అన్నది మీరు రాయలేదు. స్లాబ్ మీద పిల్లర్ చువ్వలు వదిలి ఉన్నాయి కదా అని మేస్త్రి ధైర్యం చెప్తాడు, కానీ చువ్వలున్నంత మాత్రాన కింద ఫుటింగులు, అంటే పిల్లర్ల అడుగు పునాదులు, ఆ బరువుకి వేసినట్టు కాదు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి పాత డ్రాయింగ్ చూపించి, పిల్లర్లు చెక్ చేయించి, రాతపూర్వకంగా తీసుకోకుండా ఎప్పుడూ పై అంతస్తు మొదలెట్టొద్దు, ఇందులో మొహమాటపడొద్దు, కింద ఉండేది మీ కుటుంబమే. పర్మిషన్ లేకుండా వేస్తే ఇంటి పన్ను మీద పెనాల్టీ పడుతుంది, అమ్మేటప్పుడూ ఇబ్బందే.

నాకు మీ ఉత్తరంలో బాగా నచ్చింది ఆ వెనక రూమ్. దానికి అటాచ్డ్ బాత్రూమ్ ఉంటే బయటికి విడిగా ఒక తలుపు పెట్టి, వంటగట్టు, సింక్ వేయించి, మీ వైపు తలుపు గోడ కట్టి మూసేస్తే సింగిల్ రూమ్ కిచెన్ పోర్షన్ అయిపోతుంది. రెండు రెండున్నర లక్షల్లో తేలాలి, ఎఫ్‌డీలోంచే పెట్టుకోవచ్చు, కొత్త లోన్ అక్కర్లేదు. నెలకి 7 వేలు అనుకుని ఏడాదికి 11 నెలలే లెక్కేసుకున్నా 77 వేలు వస్తాయి. ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోనివ్వకుండా ఏటా లోన్ అసలు కింద కట్టేయండి, 8.5 శాతం వడ్డీ దగ్గర 15 ఏళ్ల లోన్ సుమారు 11 ఏళ్లకే తీరిపోతుంది. ఫ్లోటింగ్ రేటు, అంటే వడ్డీ మారుతూ ఉండే హోమ్ లోన్‌ని ముందుగా కడితే బ్యాంకులు చార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ రూలుంది. కట్టేటప్పుడు మాత్రం ఈఎంఐ అలాగే ఉంచి కాలం తగ్గించమని రాసివ్వండి. నెలనెలా చేతిలో డబ్బే సరిపోవట్లేదంటే అప్పుడు ఈఎంఐ తగ్గించమని అడగండి.

పన్ను సంగతి, అద్దె ఆదాయంలో 30 శాతం రిపేర్ల కింద తీసేస్తారు. మీవారు కొత్త పన్ను విధానంలో ఉన్నారా అని అడగండి, అందులో మనం ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు గానీ అద్దెకిచ్చిన భాగం వాటాకి వచ్చే వడ్డీని ఆ అద్దె మేరకు తగ్గించుకోవచ్చు. ఆడిటర్‌తో ఒకసారి లెక్క వేయించుకోండి.

కరెంటుకి వేరే మీటర్ పెట్టించండి, ఒకే మీటర్ మీద రెండు కుటుంబాలు వాడితే యూనిట్లు పెరిగి రేటు స్లాబ్ మారి బిల్లు ఇద్దరికీ మోత మోగుతుంది. అగ్రిమెంట్ 11 నెలలకి రాసుకోండి, రెండు నెలల అడ్వాన్స్ తీసుకోండి. దిగేవాళ్ల ఆధార్ చూడండి.

బాబుతో కూడా ముందే మాట్లాడండి, పండక్కి వచ్చినప్పుడు తన రూమ్‌లో వేరేవాళ్లుంటే మనసు చిన్నబుచ్చుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు వెనకవైపు ఎక్కువ తిరుగుతుంటే వాళ్లనీ అడగండి. అందరూ సరే అంటే తలుపు ఎటు పెట్టాలో మేస్త్రిని పిలిచి చూపించండి, అలాగే వంటగట్టు నీళ్లు పోయే డ్రైనేజీ లైన్‌కి వాలు సరిపోతుందో లేదో అదే రోజు చూపించేయండి.