రియాలిటీ షో తారలను, సెలబ్రిటీలను వీరులు అనవచ్చా?

పేరుప్రఖ్యాతులు ఉన్నంత మాత్రాన అనకూడదు. ఇతరుల కోసం తెలిసి తెలిసి ప్రమాదానికి ఎదురు నిలిచినవారికే ఆ మాట తగుతుంది. బిగ్ బాస్ వంటి షోలో పోటీదారులు పారితోషికం తీసుకుని ఆడతారు, విజేతను ప్రేక్షకుల ఓట్లు తేలుస్తాయి. అది జనాదరణకు కొలమానం, అంతే.

నీర్జా భనోత్‌ను చూడండి. ప్రకటనల్లో కనిపించిన మోడల్. 1986 సెప్టెంబరు 5న కరాచీలో హైజాకైన పాన్ యామ్ విమానంలో సిబ్బందిగా ఉన్న ఆమె, అత్యవసర ద్వారం తెరిచి, తాను తప్పించుకునే వీలున్నా ప్రయాణికులనే బయటికి పంపుతూ తూటాలకు బలైంది. అప్పటికి ఆమెకు 22 ఏళ్లే! అశోక చక్ర ఆ తెగువకు దక్కింది, మోడలింగ్‌కు కాదు.

సెలబ్రిటీలు ఎన్నటికీ వీరులు కాలేరనుకోవడమూ అపోహే. వారి విషయంలోనూ చూడవలసింది చేసిన పనినే, అభిమానుల సంఖ్యను కాదు.