శనివారం పోకర్‌లో గెలుస్తున్నాను, ఉద్యోగం మానేయొచ్చా సార్?

ప్రశ్న: సార్, నా వయసు 31. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం, ఉద్యోగం విజయవాడలో. చేతికి 58,000 వస్తుంది, ఇంటి ఖర్చు 41,000. భార్య, మూడేళ్ల పాప. దసరా నుంచి లక్ష్మీపురంలో ఫ్రెండ్ ఫ్లాట్‌లో శనివారం రాత్రుళ్లు ఎనిమిది మందిమి పోకర్ ఆడుతున్నాం. కూర్చోవడానికి 10,000, బ్లైండ్స్ (ముక్కలు పంచకముందే ఇద్దరు వంతులవారీగా తప్పనిసరిగా పెట్టే పందెం) 50-100. 22 రాత్రుల్లో 1,18,000 గెలిచాను, లెక్క రాసుకున్న నోట్‌బుక్ ఫొటోలు పంపుతున్నాను. మధ్యలో మూడు వారాలు వరసగా పోతే ఈసారి ముక్క తిరుగుతుందిలే అని క్రెడిట్ కార్డు మీద 20,000 క్యాష్ తీసి ఆడాను, నిజంగానే తిరిగింది. ఇది స్కిల్ గేమ్ అని కోర్టులు కూడా చెప్పాయి కదా. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసి, ఉద్యోగం మానేసి, నెలకోసారి గోవా వెళ్లి, మిగతా రోజులు ఫ్రెండ్ చూపించిన ఒక విదేశీ యాప్‌లో ఆడదామని ఉంది. షేర్ మార్కెట్ కంటే ఇదే నయం కదా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: ఉద్యోగం మానేయకండి. ఎఫ్‌డీ ముట్టుకోకండి. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీకు పేకాట మంచిది కాదు అని ఒక్క ముక్కలో చెప్పి పంపించేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉండి ఉంటారు, ఆ మాట మీ చెవికి ఎక్కదని నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను కూడా నాలుగేళ్లు ఈ ఆట ఆడాను.

పోకర్‌లో నైపుణ్యం ఉందన్న మాట నిజం. ఎప్పుడు ముక్కలు పడేయాలో, ఎంత పందెం కట్టాలో, ఎదుటివాడి దగ్గర ఏముండొచ్చో లెక్క వేయగలిగినవాడు ఏళ్ల మీద మిగతావాళ్ల కంటే ముందుంటాడు. మీ పొరపాటు ఆ ‘ఏళ్ల మీద’ దగ్గర జరిగింది. ఈ ఆటలో మనిషి చేతికి రెండే ముక్కలు, మిగతా ఐదూ బల్ల మీద అందరికీ కలిపి తెరుస్తారు. మీ చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడి చేతిలో రెండు రాజులు ఉన్నాయి, బల్ల మీద ఒక్క ముక్క కూడా తెరవకముందే ఇద్దరూ ఉన్నదంతా తోసేశారనుకోండి. అంతకంటే మంచి పరిస్థితి ఆ ఆటలో అరుదు. అయినా వందసార్లలో 82 సార్లే మీరు గెలుస్తారు, 18 సార్లు అతను గెలుస్తాడు. ఆ పద్దెనిమిదిలో మీ తప్పు ఏమీ ఉండదు. ఇక రెండు ఆసులు చేతికి రావడం సగటున 221 చేతులకు ఒకసారి (ముక్కలు ఒకసారి పంచి ఆడితే ఒక చేయి). ఇంటి ఆటలో గంటకు పాతిక చేతులు, ఆరు గంటలు, అంటే రాత్రికి 150. 22 రాత్రులకు 3,300. అంటే దసరా నుంచి ఇప్పటిదాకా రెండు ఆసులు మీ చేతికి పదిహేనుసార్లు వచ్చి ఉంటాయి, అంతే. వాటిలో ఓ మూడు పెద్ద పాట్‌లు (బల్ల మధ్యలో పోగైన పందెం డబ్బు) అటు పోయి ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసేవారే కాదు.

ఇంకో మాట. ఎనిమిది మందీ సమానంగా ఆడగలిగినవాళ్లే అయినా, మీ బ్లైండ్స్ మీద 3,300 చేతుల తర్వాత ఒకడు 50,000 పైన, ఇంకొకడు 50,000 కింద ఉండటం చాలా మామూలు విషయం, ముక్కలు పడే తీరు వల్లే అంత తేడా వస్తుంది. ఇప్పుడు మీ అంకె చూద్దాం.

మీ నోట్‌బుక్ ఫొటోలు పెద్దవి చేసి పేజీ పేజీ చూశాను. గెలిచిన రాత్రుల అంకెలు నీలం పెన్నుతో, చుట్టూ గీత గీసి ఉన్నాయి. మార్జిన్‌లో మాత్రం పెన్సిల్‌తో చిన్నగా ‘+10’ అని ఐదు చోట్ల ఉంది, నవంబరు పేజీలో ఒక చోట ‘ఫ్రెండ్ దగ్గర 10’ అని ఉంది. అది ఆ ఐదింటిలోదే అనుకుంటున్నాను. అవి మొదటి పదివేలూ అయిపోయాక మళ్లీ పెట్టి కూర్చున్న డబ్బులు. కింద వేసిన కూడికలో అవి ఒక్కటీ లేవు. 1,18,000లో 50,000 తీసేస్తే 68,000. బిర్యానీ, కూల్‌డ్రింకులు, పెట్రోలు కలిపి రాత్రికి 700 అనుకున్నా 15,400. మిగిలింది 52,600. మీరు అబద్ధం రాశారని నేను అనట్లేదు. ఆడేవాళ్లందరి నోట్‌బుక్కులూ ఇలాగే ఉంటాయి, నాది కూడా ఇలాగే ఉండేది. పోయిన డబ్బుని ఎవరూ పెన్నుతో రాసుకోరు.

ఆ 52,600 అంతా మీ నైపుణ్యం వల్లే వచ్చిందనుకుందాం. రాత్రికి దాదాపు 2,400, గంటకు 400, నెలకు నాలుగు శనివారాలైతే 9,600. మీ ఇంటి ఖర్చు 41,000.

‘గోవాలో రోజూ ఆడతాను కదా, పెద్ద బల్ల మీద ఆడతాను కదా’ అంటారు. ఫ్రెండ్ ఫ్లాట్‌లో పాట్‌లోంచి ఎవరూ కోత తీయట్లేదు (తీస్తుంటే వెంటనే మానేయండి, అప్పుడది 1974 నాటి మన గేమింగ్ చట్టం కింద జూదపు ఇల్లు కిందికి వచ్చే ప్రమాదం ఉంది, పోలీసులొస్తే కేసు అక్కడున్న అందరి మీదా పడుతుంది). క్యాసినోలో పాట్‌లలోంచి రేక్, అంటే ఆట నడిపేవాళ్ల కోత, తీస్తారు. సగటు పాట్ 2,000, కోత 5 శాతం, గంటకు పాతిక చేతులు అనుకోండి. గంటకు 2,500 బల్ల మీద నుంచి మాయమవుతుంది, ఎనిమిది మందికి పంచితే తలా 312. మీ గంట సంపాదన 400. మిగిలిన 88తో పణజిలో రూమ్, రాకపోకలు, తిండి చూసుకోవాలి. పైగా అక్కడ మీ ఎదురుగా కూర్చునేవాళ్లు మీ శనివారం స్నేహితులు కారు.

అసలు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన విషయం అది. నోట్‌బుక్‌లో ఎవరి దగ్గర ఎంత వచ్చిందో కూడా రాశారు, అందులో సగానికి పైగా ఒక్క మనిషి దగ్గర నుంచే వచ్చింది, మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి అని రాశారు. ఇది సీజను, ఆయన చేతిలో డబ్బు ఆడుతోంది. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక ఆయన శనివారాలు వస్తాడా? రాకపోతే మీ నైపుణ్యం ఎక్కడికీ పోదు, ఆదాయం మాత్రం పోతుంది. పోకర్‌లో మీరెంత బాగా ఆడతారన్నది సగమే, మీకంటే బాగా ఆడనివాడు ఎదురుగా కూర్చున్నాడా లేదా అన్నది మిగతా సగం. షేర్లతో పోల్చారు కాబట్టి చెప్తున్నాను, ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీలోని కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే ఫండ్) పదేళ్లు డబ్బు పెడితే ఆ కంపెనీలు సరుకు అమ్మి లాభం తెస్తే మీకు పెరుగుతుంది, ఇంకొకడు ఓడిపోనక్కర్లేదు. పోకర్ బల్ల మీద కొత్త రూపాయి పుట్టదు.

కోర్టుల సంగతి. 1968లో సుప్రీంకోర్టు నైపుణ్యం ఎక్కువ ఉన్న ఆట అన్నది 13 ముక్కల రమ్మీని, అదీ మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో. పోకర్ మీద హైకోర్టులు ఒక్క మాట మీద లేవు, గుజరాత్ హైకోర్టు 2017లో ఇది జూదమే అంది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్‌లను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే స్కిల్ అయినా లక్ అయినా డబ్బు పందెం ఉంటే చాలు, ఆన్‌లైన్‌లో నడపకూడదంది. అందులో శిక్షలు ఆటగాడికి పెట్టలేదు, నిజమే, కానీ ఆ విదేశీ యాప్ మీ డబ్బు ఇవ్వకపోతే ఎవరి దగ్గరికి వెళ్తారు? ఇలాంటి చోట్ల డబ్బు ఎవరెవరివో ఖాతాల మీదుగా వస్తుంది, వాటిలో ఒక్కటి సైబర్ మోసం కేసులో ఉన్నా మీ జీతం పడే ఖాతా ఫ్రీజ్ అవుతుంది. స్కూల్ ఫీజు కట్టాల్సిన రోజున బ్యాంకుకీ సైబర్ స్టేషన్‌కీ మధ్య తిరగడం ఎంత టెన్షనో నా క్లయింట్ ఒకాయన పడుతుంటే దగ్గరుండి చూశాను. ఆ యాప్ ఫోన్‌లోంచి తీసేయండి.

పన్ను గురించి మీరు అడగలేదు, కానీ ఇది తెలియకుండా చాలామంది దెబ్బతింటున్నారు. పేకాటలో గెలుపు మీద 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం. మీ ఆదాయం ఎంత తక్కువైనా ఆ గెలుపుకు కనీస మినహాయింపు వర్తించదు, ఖర్చులు తీసేయనివ్వరు, ఓటమిని సర్దుబాటు చేయనివ్వరు. ఒక ట్రిప్‌లో 50,000 గెలిచి, తర్వాతి ట్రిప్‌లో 60,000 పోగొట్టుకుంటే మీ జేబు 10,000 ఖాళీ, అయినా 15,600 పన్ను కట్టాలి.

ఇప్పుడు ఆ మూడు వారాల సంగతి. ముక్క తిరుగుతుంది అని మీరు నమ్మారు, తిరిగింది, అందుకే ఆ నమ్మకం మీకు ఇంకా ప్రమాదం. 52 ముక్కలు కలిపిన ప్రతిసారీ అవి కొత్త ముక్కలే, పోయిన శనివారం మీరు ఓడారని వాటికి తెలియదు. క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీస్తే వడ్డీ తీసిన రోజు నుంచే మొదలు, చాలా కార్డుల మీద నెలకు నూటికి మూడున్నర రూపాయల చుట్టూ ఉంటుంది. మన ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటే మీరే దండం పెట్టి వచ్చేస్తారు. ఆ 20,000 తీరిందో లేదో మీరు రాయలేదు.

4 లక్షల ఎఫ్‌డీని మీరు బ్యాంక్‌రోల్, అంటే ఆటకు పెట్టుబడి, అనుకుంటున్నారు. ఉద్యోగం మానేసి ఆటలో లాభం నష్టం లేకుండా నిలబడ్డా, ఇంటి ఖర్చుకే అది పది నెలలు నిండకుండా అయిపోతుంది. ఆ భయంతో ఆడే మనిషి పడేయాల్సిన ముక్కలు పడేయలేడు, స్కిల్ మొదట పోయేది అక్కడే. అందులో 2,46,000 ఆరు నెలల ఇంటి ఖర్చు కింద ఎఫ్‌డీలోనే ఉంచండి. మిగిలిన దానిలోంచి ఏటా కొంత పాప పేరు మీద సుకన్య సమృద్ధిలో వేయండి. మీ మీద ఇద్దరు ఆధారపడ్డారు, టర్మ్ ఇన్సూరెన్స్ ఉన్నట్టు రాయలేదు, ఈ నెలలోనే తీసుకోండి.

ఆట మానలేనంటే, బ్లైండ్స్ 10-20కి దించమని అడగండి, కూర్చోవడానికి 2,000 చాలు, నెలకు రెండు రాత్రులు, పోతే రెండోసారి పెట్టకూడదు. అప్పుడూ ఆగలేకపోతున్నాననిపిస్తే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. నోట్‌బుక్‌లో ప్రతి పదివేలూ పెన్నుతోనే తిరిగి రాసి, మీ శ్రీమతికి చూపించండి. కోపం వస్తుంది, రానివ్వండి, ఆ ఎఫ్‌డీలో ఆమెకూ సగం ఉంది. కార్డు బాకీ ఇంకా ఉంటే శనివారం దాకా ఆగకుండా రేపే కట్టేయండి.